ఆదిలాబాద్ చలికి పెంకుటిల్లు: కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పనుల డైరీ

నవంబరు 16

కార్తీక పౌర్ణమి నిన్నటితో గడిచింది. తెల్లవారుజామున వెనుక వాకిట్లోని థర్మామీటరు 14 డిగ్రీలు చూపింది. ఇది మా జిల్లాకు చలి కాదు, చలి పంపిన కబురు మాత్రమే. తెలంగాణకు ఉత్తరపు అంచున, సముద్రానికి బహుదూరంగా ఉన్న ఈ ప్రాంతంలో వానలు వెనుదిరిగిన తరువాత ఆకాశం తేటపడుతుంది, గాలిలో తేమ తగ్గుతుంది, పగలంతా నేల తాగిన వేడి రాత్రి అడ్డూ ఆపూ లేకుండా ఆకాశంలోకి పోతుంది. దానికి ఉత్తరపు గాలి తోడైతే డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని మండలాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల దరిదాపులకు దిగడం కొత్త సంగతి కాదు. ఇళ్ళు మాత్రం మే నెలలో 45 డిగ్రీల ఎండను తప్పించుకోవడానికి కట్టినవి. వేడి గాలి పైకి పోయేలా పెంకుల మధ్య సందులు, గోడల పైభాగాన గవాక్షాలు, అన్ని వైపులా తలుపులు ఉంటాయి. వేసవిలో ప్రాణం కాపాడే ఆ సందులే పుష్యమాసంలో చలిని లోపలికి పిలుస్తాయి.

ఈసారి పనిని ముందే రాసుకొని మొదలుపెడుతున్నాను. ఇల్లంతా వెచ్చగా ఉంచాలని చూడటం వృథా కాబట్టి, ఎనభై దాటిన అమ్మ పడుకునే నైరుతి గదిని ఒక్కదాన్నే చలికి సిద్ధం చేయాలి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే తమ్ముడి కుటుంబానికి, అక్కయ్య పిల్లలకు సరిపడా పడకలు, కప్పుకునేవి తయారు కావాలి. ముందు గదిలో నిండిన పత్తి పండుగలోపు అమ్ముడుపోవాలి. ఇవన్నీ కాగితం మీద వేరువేరు పనులే అయినా వాకిట్లోకి దిగితే అన్నిటికీ కావలసింది ఒక్కటే, ఎండ. బొంతలకూ అదే, పత్తికీ అదే, పిడకలకూ అదే. ఆ ఎండ పడేది ఒక్క వాకిట్లోనే, అదీ రోజురోజుకు తగ్గుతున్న పొద్దులో. అందుకని ఏది ముందు, ఏది వెనుక అన్న క్రమమే ఈ ప్రాజెక్టులో అసలు పని అని నాకు అనిపిస్తోంది.

నవంబరు 20

కప్పుతో ఆరంభించాము. పై నుంచి కిందికి రావాలన్నది మేస్త్రీలు చెప్పే మొదటి నియమం. పెంకులు సర్దేటప్పుడు రాలే మట్టి, బూజు కొత్తగా సున్నం వేసిన గోడ మీద పడకూడదు. మామూలుగా గూన పెంకులను వానలకు ముందు, మే నెలాఖరులో తిరగేయిస్తాము. ఇప్పుడు చూడవలసింది కోతులు చేసిన నష్టాన్ని. వానాకాలమంతా మక్క చేన్ల మీద బతికిన కోతుల గుంపులు కోతలయ్యాక ఊళ్ళోకి వచ్చి, కప్పుల మీద పరుగులు తీస్తూ పెంకులను పక్కకు జరుపుతున్నాయి, కొన్నిటిని పగలగొడుతున్నాయి. ఇలాంటి పెంకులు చేసే కుమ్మరులు చుట్టుపక్కల దాదాపు లేరు; కూలగొట్టిన పాత ఇళ్ళ నుంచి వచ్చిన పెంకులను కొట్టం వెనుక పేర్చి ఉంచుకున్నందువల్ల ఈసారి వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

అమ్మ గది పైన ఉన్న భాగాన్ని వరసల వారీగా విప్పించి, కింద వెదురు తడక ఎక్కడెక్కడ చివికిందో చూసి, ఆ మేరకు కొత్త తడక పరిపించి, మళ్ళీ పెంకులు కప్పించాను. మిగిలిన కప్పును పైపైన సర్దించి వదిలేశాము. ఊళ్ళో చాలామంది పెంకులు తీసి రేకులు వేయించుకున్నారు; కోతుల బాధకు అది సరైన జవాబే కానీ, పలుచని రేకు పొద్దు గూకగానే చల్లబడిపోతుంది, తెల్లవారేసరికి లోపలి వైపు చెమ్మ పట్టి మంచం మీద చుక్కలు రాలుతాయి. చలి సంగతి ఒక్కటే చూసుకుంటే తడక మీద పరిచిన మట్టి పెంకే నయం.

నవంబరు 24

గది లోపలి పనులు మొదలయ్యాయి. వెనుకటి ఇళ్ళలో పెంకుల నుంచి రాలే దుమ్ము పడకుండా దూలాల కింద గుడ్డతో చాందినీ కట్టేవారు. దుమ్ము కోసం పుట్టిన ఆ ఏర్పాటు చలికి కూడా బాగా పనికొస్తుంది, ఎందుకంటే గదిలోని వెచ్చని గాలి పైకి లేచి పెంకుల సందుల్లోంచి పోకుండా గుడ్డ దాన్ని తల ఎత్తుకు కొంచెం పైనే ఆపుతుంది. ముతక ఖద్దరు తాను తెచ్చి, రెండు పొరలుగా కుట్టించి, నాలుగు గోడల వెంట వెదురు బద్దలకు మేకులతో బిగించాను. నడుమ జారకుండా దూలానికి నాడాలు కట్టాను. ఎలుకలు పైకెక్కకుండా అంచులను గోడకు ఆనించి బిగించడమే ఇందులో ఓపిక కావలసిన భాగం. మిగతాదంతా ఒక పూట పని.

తలుపుల కింద వేలెడు సందు ఉంది. దానికి పాత చీరను పొడవైన గొట్టంలా కుట్టి, ఇసుక నింపి, అడ్డంగా పెట్టాము. కిటికీ రెక్కల అంచులకు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే రబ్బరు పట్టీ అంటించాను. దక్షిణం గోడ పైభాగాన ఉన్న గవాక్షాన్ని మాత్రం మూయలేదు, మూయనివ్వలేదు. అమ్మకు రాత్రిపూట మంచం పక్కన కుంపటి పెట్టుకోవడం చిన్ననాటి నుంచి అలవాటు. ఆ అలవాటు సందులున్న గదిలో చెల్లింది కానీ సందులు పూడ్చిన గదిలో చెల్లదు. బొగ్గులు గాలి చాలక మగ్గినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగు ఉండదు, వాసన ఉండదు, నిద్రలో ఉన్న మనిషికి తెలిసే వీలే లేదు. గదిని ఎంత బాగా బిగిస్తే కుంపటి అంత ప్రమాదకరమవుతుంది కాబట్టి, ఈ పని మొదలుపెట్టిన రోజే కుంపటిని పంచలోకి మార్చాము. దాని బదులు పడుకునే ముందు వేడినీళ్ళ రబ్బరు సంచిని గుడ్డలో చుట్టి బొంత కింద కాళ్ళవైపు పెడుతున్నాము. అమ్మ మొదట పెదవి విరిచింది. ఇప్పుడు ఎనిమిది కొట్టకముందే సంచి ఏదని అడుగుతోంది.

గది వెలుపల చేసిన పని చిన్నదే కానీ ఫలితం పెద్దది. పడమటి గోడకు ఆనించి ఉన్న కంది కట్టె మోపులను తీసి కొట్టం దగ్గరికి మార్చాము. వేసవిలో ఆ మోపులు గోడకు నీడ పట్టాలి, ఇప్పుడు నీడ వద్దు. మూరెడు మందం ఉన్న మట్టిగోడ మధ్యాహ్నం నుంచి పొద్దు గూకే దాకా ఎండలో కాగితే, ఆ వేడి లోపలి ముఖానికి చేరేసరికి రాత్రి అవుతుంది. పోయిన వారం వెలుపల 14 డిగ్రీలు ఉన్న తెల్లవారుజామున గదిలో 17 ఉండేది. ఈ రోజు వెలుపల 13 ఉండగా లోపల 20 ఉంది.

నవంబరు 30

సున్నం గడ్డలను తొట్టిలో తడిపి కొన్ని రోజులుగా నానబెట్టాము. గడ్డ మీద నీళ్ళు పడగానే బుసబుస పొంగి మరిగే ఆ వేడి దగ్గరికి పిల్లలను రానివ్వకూడదు. కళ్ళలో చుక్క పడినా ప్రమాదమే కాబట్టి కలిపేవాళ్ళు కళ్ళద్దాలు పెట్టుకోవడం మంచిది. నానిన సున్నాన్ని పలుచటి గుడ్డలో వడగట్టి, తుమ్మ బంక నానబెట్టిన నీళ్ళు కలిపి, చిటికెడు నీలిమందు వేశాము. గోడ మీద ముందుగా నీళ్ళు చల్లి, పలుచగా రెండు పూతలు వేశాము. చిక్కగా ఒకే పూత వేస్తే పని తొందరగా అయినట్టే కనిపిస్తుంది, పండుగనాటికి పెచ్చులూడుతుంది. సున్నం ఎండకు ఆరి గట్టిపడదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా రాయిగా మారుతుంది. అందుకే దానికి మండే ఎండ కంటే ఈ మెత్తటి పగళ్ళే అనువైనవి. వాకిట్లో ఎండలో వాటా ఇవ్వనక్కరలేని పని ఇది. గోడల అడుగున జాజు (ఎర్రమట్టి రంగు) పట్టీ వేయడం పండుగ ముందరి వారానికి వాయిదా వేశాను, లేకపోతే ఈలోగా బొంతల మూటలు, పత్తి బస్తాలు రాసుకొని చెరిగిపోతుంది.

డిసెంబరు 6

వాకిలి పంపకం మొదలైంది. ఈ వారంలో రాసుకోవలసింది చాలా ఉంది.

బొంతలు ఏడాదంతా పెట్టెలో ఉండి ముక్క వాసన పట్టాయి, పరుపుల్లో దూది ఉండలు కట్టింది. చలిని ఆపేది గుడ్డ బరువు కాదు, పొరల నడుమ నిలిచే గాలి. అణగిపోయిన దూదిలో ఆ గాలికి చోటుండదు కాబట్టి పాత పరుపు ఎంత బరువుగా ఉన్నా కింది నుంచి చలి ఎక్కుతూనే ఉంటుంది. రెండు పరుపులు, మూడు రజాయిలు విప్పి పట్నంలో దూది ఏకే మిషనుకు పంపాము. వెనుకట దూదేకులవారు ఇంటి ముంగిట్లోనే విల్లు పెట్టి ఏకేవారు, ఆ టంగుటంగు శబ్దం వినిపిస్తే చలికాలం వచ్చినట్టు. ఇప్పుడు మిషను అదే పనిని అరగంటలో చేస్తుంది. ఏకి వచ్చిన దూదిలో కొంత పొట్టిపోగు పోయి తూకం తగ్గింది. ఆ లోటు పూడ్చడానికి మా చేని పత్తినే జిన్నింగు చేయించాము. మూడు కిలోల పత్తికి ఇంచుమించు కిలో దూది, మిగిలినది గింజ. పిల్లలకు కప్పే రజాయి కిలోన్నర దూదితో సరిపోతుంది, పెద్దవాళ్ళకు రెండు నుంచి రెండున్నర కిలోలు కావాలి.

బొంతలు కుట్టే పనిని పక్కింటి వదిన, అమ్మ కలిసి తీసుకున్నారు. మెత్తబడిన పాత నూలు చీరలను నాలుగైదు పొరలుగా పరిచి, చాపలు, రాళ్ళు పెట్టి ముడతలు లేకుండా లాగి, అంచుల నుంచి నడిమికి చదరాలుగా కుట్టు వేస్తూ వస్తారు. ఒక బొంతకు వారం పడుతుంది. పాలిస్టరు చీరలను మా వదిన ససేమిరా అంటుంది. చెమట పీల్చవు, మడతలో నిలవవు, కుట్టు జారుతుంది.

ఇక పత్తి. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు, 8 నుంచి 12 వరకు శాతం పెరిగినకొద్దీ ధర తగ్గిస్తారు, 12 దాటితే కొనరు. మంచు కురిసే ఈ రోజుల్లో తెల్లవారి ఏరిన పత్తికి తేమ సులువుగా ఆ గీత దాటుతుంది. అందుకని ఏరడం మంచు ఆరిన తరువాతే మొదలుపెట్టాలి, తెచ్చినదాన్ని వాకిట్లో ఆరబోయాలి. సరిగ్గా అదే వేళకు బొంతలకూ వాకిలి కావాలి. ఈ తగువును అమ్మ తీర్చింది: "పొద్దుగాల బొంతలెయ్యి బిడ్డా, మంచాలకు నేల తడి అంటదు. నేల ఆరినంక పత్తి పొయ్యి." తొమ్మిదికి నులక మంచాల మీద బొంతలు, పరుపులు; పదిన్నరకు నేల పొడిబారాక టార్పాలిన్ పరిచి పత్తి; మంచాలు దక్షిణం వైపు గోడ పక్కకు. మూడున్నర దాటితే పత్తిని గంపలకెత్తాలి, ఇంకా ఎండ ఉంది కదా అని వదిలితే చల్లబడిన గాలిలోని తేమను తిరిగి పీల్చుకుంటుంది. బొంతలను కూడా వేడి మీదనే మడవక, నీడలో కాసేపు ఉంచి మడిచి, మడతల నడుమ ఎండిన వేపాకు వేస్తున్నాము.

డిసెంబరు 12

ఇల్లు ఒక కొలిక్కి వచ్చింది, ఇప్పుడు ఒళ్ళు.

అమ్మకు రక్తపోటు ఉంది. చలికి రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల ఈ కాలంలో అది పెరుగుతుంది కాబట్టి, పండుగ రద్దీకి ముందే డాక్టరుకు చూపించి మందుల మోతాదు సరిచేయించాము. నాకు తెల్లవారి నాలుగున్నరకు నడవడం అలవాటు. దాన్ని పొద్దు పొడిచిన తరువాతకు మార్చుకున్నాను. దాహం వేయదు కనుక నీళ్ళు తాగడం మరచిపోతాము, దానివల్లనే మలబద్ధకం, పెదవుల పగుళ్ళు. పొయ్యి పక్కన గోరువెచ్చని నీళ్ళ చెంబు ఉంచితే దారిన పోతూ తాగుతున్నాము. కాళ్ళ పగుళ్ళకు రాత్రి పడుకునేముందు గోరువెచ్చని నీళ్ళలో పాదాలు నానబెట్టి, తుడిచి, నువ్వుల నూనె రాసి, మేజోళ్ళు వేసుకోవడం కంటే మెరుగైన మందు నాకు కనబడలేదు. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి కూర్చుంది. 24 డిగ్రీలకు దిగువన దాని స్వభావం అంతే, కల్తీ ఏమీ కాదు.

ఉన్ని స్వెటర్లను కుంకుడు రసంతో చల్లటి నీళ్ళలో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీళ్ళు ఒత్తి, చాప మీద పరిచి నీడన ఆరబెట్టాము. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతాయి. పట్నంలో రోడ్డు పక్కన స్వెటర్ల దుకాణాలు వెలిశాయి. పిల్లల కొలతలు ఫోనులో అడిగి మంకీ టోపీలు మాత్రం కొన్నాను.

స్నానానికి రాగి బాయిలరు తోమించి ఆరుబయట పెట్టాము. ఎండిన పత్తి కట్టె దానికి సరిపడా దొరుకుతుంది. వేడి చేసే కరెంటు రాడ్డును ఈ ఇంట్లో నేను ఇష్టపడను. వాడక తప్పనివారు ఇనుప బకెట్టులో పెట్టవద్దు, స్విచ్చి ఆపి ప్లగ్గు తీసిన తరువాతే నీళ్ళలో వేలు పెట్టాలి.

వంటింట్లో మార్పులు చిన్నవి. పెరుగు తోడుకోవడానికి పాలను కొంచెం ఎక్కువ వెచ్చగా ఉంచి, గిన్నెను బియ్యం డబ్బాలో దాస్తున్నాము. దోసెల పిండి పొయ్యిగట్టు మీద నిద్రపోతోంది.

డిసెంబరు 16

ధనుర్మాసం నేటి నుంచి. పేడ కళ్ళాపి, ముగ్గు, గొబ్బెమ్మలు. నెల రోజులకు సరిపడా ముగ్గుపిండి జల్లించి డబ్బాలో పోశాము. భోగి పిడకలను కొట్టం గోడకు కొట్టాము, ఇంటి గోడకు సున్నం ఉంది కనుక.

డిసెంబరు 22

నిన్న ఏడాదిలో అతి చిన్న పగలు; మా దగ్గర అది దాదాపు 11 గంటలు. ఈ తెల్లవారి వెలుపల 7 డిగ్రీలు, అమ్మ గదిలో 15. ఎనిమిది డిగ్రీల తేడా నిలబడింది. పక్కన చాందినీ లేని గదిలో 11 ఉంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు అమ్మ గది దక్షిణపు కిటికీ ముందు నిలబడి చూశాను. మే నెల మూడో వారంలో నడినెత్తిన ఉండే సూర్యుడు ఇప్పుడు దక్షిణాన సుమారు 47 డిగ్రీల ఎత్తులోనే ఆగుతాడు. అందువల్ల వేసవిలో గడప కూడా దాటని ఎండ ఇప్పుడు కిటికీ గుండా అమ్మ మంచం దాకా వచ్చి పడుతోంది. కిటికీకి వేసవిలో కట్టిన తాటాకు తడకను పోయిన నెలలోనే విప్పాము. పది నుంచి మూడు దాకా రెక్కలు బార్లా తెరిచి, మూడున్నరకు మూయడం ఇక నియమం.

పగలు పెరగడం మొదలైంది కదా అని తెల్లవారి పనులను ముందుకు జరపడానికి వీల్లేదు. పొద్దు గూకే వేళ నవంబరు చివరి నుంచే ఆలస్యమవుతూ ఉంది కానీ, పొద్దు పొడిచే వేళ కూడా జనవరి మధ్య వరకు ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. "పుష్యమాసంలో పూసగుచ్చే పొద్దుండదు" అన్నవాళ్ళు ఉదయాన్ని చూసే అని ఉంటారు. పండుగ వరకు వాకిలి పట్టికలో తొమ్మిది గంటలు తొమ్మిదిగానే ఉంటుంది.

జనవరి 4

పత్తి అమ్ముడుపోయింది, తేమ 9 శాతం వచ్చింది. కోత పెద్దగా పడలేదు. ముందు గది ఖాళీ చేసి, మూలల్లోని దూది పీచును కూడా ఊడ్చించాను. ఇది శుభ్రం కోసం కాదు. మా ఊళ్ళో పండుగనాటికి సగం ఇళ్ళలో పత్తి ఉంటుంది, వాకిట్లో భోగి మంట ఉంటుంది, గాలి తిరిగితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంకా పత్తి అమ్మనివాళ్ళకు ఒకటే చెప్పాను: మంటను ఇంటికి, కొట్టానికి దూరంగా నాలుగు బాటల కూడలిలో వేద్దాము, రెండు బిందెల నీళ్ళు పక్కన పెడదాము. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మంటలో వేయడం వాడకట్టు పిల్లలకు సరదా. పోయిన ఏడు ఆ పొగకు అమ్మ రెండు రోజులు దగ్గింది. పిడకలు, పనికిరాని తడక ముక్కలు, చివికిన వాసాలు చాలినన్ని ఉన్నాయి.

గోడల అడుగున జాజు పట్టీ ఈ రోజే వేశాము.

జనవరి 9

సకినాలు. కొత్త బియ్యం నిన్న సాయంత్రమే కడిగి నానబోశాము. తెల్లవారి వడగట్టి, చెమ్మ ఉండగానే గిర్నికి తీసుకెళ్ళి పట్టించి, జల్లించి, కిలో పిండికి పావుకిలోకు కొంచెం తక్కువగా నువ్వులు, రెండు చెంచాల వాము, ఉప్పు వేసి కలిపారు. ఈ పిండి ఆ రోజే వాడాలి. నిలవ ఉంచితే పులుస్తుంది. అందుకే వాడకట్టు ఆడవాళ్ళు ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో కూర్చుంటారు, ఈ రోజు మా వంతు. ఉతికిన తెల్లటి గుడ్డ మీద పిండిని వేళ్ళ నడుమ మెలివేస్తూ మూడు నాలుగు చుట్లు చుట్టుతారు. గుడ్డ కొంత చెమ్మను పీల్చుకున్నాక, పళ్ళెంతో నెమ్మదిగా ఎత్తి నూనెలో వదులుతారు. చెమ్మ ఎక్కువుంటే నూనెలో పేలుతాయి, మరీ ఆరితే ఎత్తేటప్పుడు విరుగుతాయి. నాకు చుట్టడం చేతకాదు, నూనె దగ్గర నిలబడే పని నాది.

ఈ రోజు ఎండ వాటా మొత్తం వంటింటిదే; సకినాల గుడ్డలు పంచలో, నువ్వుల ఉండలకు కడిగిన నువ్వులు మంచాల మీద, వియ్యపురాలికి పంపే గరిజెల బుట్ట పక్కన. బొంతలకు సెలవు.

జనవరి 16

కనుమ అయింది, తమ్ముడు వాళ్ళు ఉదయం బస్సుకు వెళ్ళారు. భోగినాడు తెల్లవారి 10 డిగ్రీలు ఉంది. రాత్రులు ఏడుగురు ముందు గదిలో, నలుగురు నడింట్లో పడుకున్నారు. రజాయిలు సరిపోయాయి, నేల మీద పరిచేవి చాలలేదు. కింద గడ్డి పరిచి, దాని మీద చాపలు, ఆ పైన బొంత వేశాము. వచ్చే ఏడాది కప్పుకునే రజాయిల కంటే ముందు పరుచుకునే బొంతలు రెండు ఎక్కువ కుట్టించాలి, పాత చీరలను ఇప్పటి నుంచే వేరుగా దాస్తున్నాము.

పండుగ అయిందని చలి అయిపోలేదు. ఈ నెలాఖరున పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర ఉంది, గోండు ఆదివాసుల్లోని మెస్రం వంశస్థుల ఆ పూజ జరిగే రాత్రి బయట ఉండేవాళ్ళకు మందపు చెద్దర్లు తప్పవు, మేమూ వెళ్ళాలి. కాబట్టి మంకీ టోపీలు, రెండు రజాయిలు పైనే ఉంచి మిగిలినవి ఎండబెట్టి, వేపాకు వేసి పెట్టెల్లో సర్దుతున్నాము. చాందినీ శివరాత్రి దాకా అలాగే ఉంటుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక చేయవలసినవి ఇవి: చాందినీ విప్పి ఉతకడం, కిటికీకి తడక కట్టడం, రబ్బరు పట్టీలు ఊడదీయడం, కంది కట్టెను మళ్ళీ పడమటి గోడకు చేర్చడం. పెంకులు మేలో. కోతులు ఈ రోజు కూడా వచ్చాయి, వంటింటి పైన మూడు పెంకులు పోయాయి.